కిలోమీటరుకు రూపాయి సరే.. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు?

తెల్లవారుజామున నాలుగు దాటితే చాలు, పటాన్‌చెరు, శంకర్‌పల్లి వైపు నుంచి ఆకుకూరలు, టమాట, బీర, పూలు వేసుకుని ట్రాలీ ఆటోలు చందానగర్ మీదుగా నగరంలోకి పోతుంటాయి. తొమ్మిదయ్యేసరికి అదే దారిలో హైటెక్ సిటీకి పోయే కార్లు బారులు తీరతాయి. ఆ కార్లలో కొన్నింటికి ఆకుపచ్చ నంబరు పలకలుంటాయి. అవి పెట్రోలు తాగని కార్లు, కరెంటుతో నడిచే బ్యాటరీ కార్లు.

ఈ కార్ల గురించి ఒక మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. 'కిలోమీటరుకు రూపాయే ఖర్చు' అని. ఆ మాట నగరంతోనే ఆగలేదు, మన పల్లెల దాకా వచ్చింది. చందానగర్‌లో అద్దెకుండి ఉద్యోగం చేసే కొడుకు పండక్కి ఊరికొచ్చి 'నాన్నా, పెట్రోలు కారు దండగ, బ్యాటరీ కారు కొందాం' అంటున్నాడు. క్యాబ్ నడుపుకునే అల్లుడు 'మామా, మీరు కొంచెం సాయం పడితే కరెంటు బండి తీసుకుంటా' అంటున్నాడు. కూరగాయలు వేసే రైతుకు ఆటో అమ్మేవాళ్లూ ఇదే మాట చెబుతున్నారు. కొనేది కొడుకే అయినా, అల్లుడే అయినా, ముందు సొమ్ముకు అరెకరమో ఎకరమో తాకట్టు పడేది మనదే. అందుకని ఈ లెక్క మనం నేర్చుకోక తప్పదు.

కిలోమీటరుకు రూపాయి అన్నది అబద్ధం కాదు. అయితే అది సగం లెక్క. మిగతా సగం మీ బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందన్న దాంట్లో ఉంది. ఎక్కువ తిరిగే బండికి కరెంటు లాభం. తక్కువ తిరిగే బండికి ఆ లాభాన్ని వడ్డీ తినేస్తుంది. ఎట్లాగో చూద్దాం రండి.

ఆయిల్ ఇంజను, కరెంటు మోటారు

ఈ సంగతి రైతుకు కొత్తేమీ కాదు. బావి మీద ఆయిల్ ఇంజను పెట్టి నీళ్లు తోడిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఆయిల్ ఇంజను చప్పుడు చేసేది, పొగ వదిలేది, ముట్టుకుంటే కాలేది. పోసిన నూనెలో ఎక్కువ భాగం వేడి కింద పోయేది. కరెంటు మోటారు వచ్చాక ఆ బాధ తప్పింది.

కార్లలోనూ అంతే. పెట్రోలు ఇంజను తాగిన ఇంధనంలో మూడో వంతు కూడా చక్రానికి చేరదు. మిగతాదంతా వేడిగా, పొగగా పోతుంది. కరెంటు మోటారు అయితే బ్యాటరీ నుంచి తీసుకున్న దాంట్లో ఎనభై శాతానికి పైగా చక్రానికి ఇస్తుంది. రోడ్డు మీద ఖర్చు తక్కువ కావడానికి అసలు కారణం ఇదే. ఇంజను ఆయిలు మార్చే పని లేదు. క్లచ్ ప్లేట్లు లేవు, గేరు బాక్సు గొడవ లేదు. కాబట్టి సర్వీసు ఖర్చు కూడా తక్కువే.

ఇంకో మాట. బ్యాటరీ కారు మన దేశానికి నిన్నమొన్న వచ్చింది కాదు. 2001లోనే బెంగళూరులో 'రేవా' అని చిన్న కారు చేసి అమ్మారు. అప్పట్లో వాడినవి ట్రాక్టరు బ్యాటరీల లాంటి సీసం బ్యాటరీలు. బరువెక్కువ, ఆయుష్షు తక్కువ. ఇప్పుడు వచ్చేవి లిథియం బ్యాటరీలు. వీటి మన్నిక వేరు. అప్పటి భయం ఇప్పుడు అక్కరలేదు. అట్లాగని కళ్లు మూసుకుని కొనమనీ కాదు.

ముందు కిలోమీటరు లెక్క

2025లో హైదరాబాదులో లీటరు పెట్రోలు సుమారు 107 రూపాయలు. ఊరి రోడ్లు, పట్నం రద్దీ కలిపి చిన్న కారు లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు దాదాపు 6 రూపాయలు పడుతుంది.

గ్యాసు కారు, అంటే సి.ఎన్.జి. కారు తీసుకుంటే కిలో గ్యాసు వందకు కాస్త తక్కువ. కిలోకు పాతిక కిలోమీటర్లు వస్తే, కిలోమీటరుకు దాదాపు 4 రూపాయలు.

ఇక బ్యాటరీ కారు. చిన్న కారు ఒక యూనిట్ కరెంటుకు ఏడెనిమిది కిలోమీటర్లు నడుస్తుంది. బ్యాటరీ నింపేటప్పుడు కొంత కరెంటు వేడి కింద పోతుంది, అది కూడా మన మీటరులోనే తిరుగుతుంది. కాబట్టి ఏడు కిలోమీటర్లే లెక్కేసుకుందాం. ఇంటి మీటరు మీద 200 యూనిట్లు దాటిన తర్వాత యూనిట్ ధర 7 రూపాయల 70 పైసలు. అంటే కిలోమీటరుకు 1 రూపాయి 10 పైసలు. చూశారుగా, రూపాయి అన్న మాట నిజమే.

కానీ అదే కారుకు రోడ్డు పక్క చార్జింగ్ కేంద్రంలో కరెంటు ఎక్కిస్తే యూనిట్‌కు 20 రూపాయల దరిదాపు తీసుకుంటారు. చోటును బట్టి ఎక్కువ తక్కువలు ఉంటాయి. అప్పుడు కిలోమీటరుకు 2 రూపాయల 85 పైసలు. ఇంట్లో నింపుకునేవాడి ఖర్చుకు, బయట నింపుకునేవాడి ఖర్చుకు రెండున్నర రెట్లు తేడా. కాబట్టి 'బ్యాటరీ కారు ఖర్చెంత' అని ఎవరైనా అడిగితే 'కరెంటు ఎక్కడిది' అని తిరిగి అడగాలి.

తర్వాత ఏడాది లెక్క

చిన్న బ్యాటరీ కారుకు, అంతే చిన్న పెట్రోలు కారుకు కొనేటప్పుడు తేడా ఎంత? 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. బ్యాటరీ కార్ల మీద ముందు నుంచీ 5 శాతమే ఉంది కాబట్టి వాటికి కొత్తగా తగ్గిందేమీ లేదు. దాంతో రెంటి మధ్య దూరం కాస్త పెరిగింది. మరోపక్క తెలంగాణలో 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం బ్యాటరీ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము 2026 డిసెంబరు 31 వరకు మాఫీ. అదే 5 లక్షల లోపు పెట్రోలు కారుకు జీవితకాల పన్ను 13 శాతం. ఇవన్నీ కలిపి చూసినా, అన్నిటికన్నా చిన్న కార్లలో బ్యాటరీ కారుకు మూడు లక్షల దరిదాపు ఎక్కువ పెట్టాలి.

ఇప్పుడు నెలకు 500 కిలోమీటర్లు తిరిగే ఇంటి కారును తీసుకోండి. పెళ్లిళ్లు, ఆస్పత్రి, మండల కేంద్రం, సంత.. పల్లెలో ఉండే కుటుంబానికి ఇంతకు మించి తిరుగుడు ఉండదు. ఏడాదికి 6,000 కిలోమీటర్లు.

పెట్రోలు ఖర్చు ఏడాదికి 35,700 రూపాయలు. కరెంటు ఖర్చు 6,600 రూపాయలు. మిగిలేది 29,000 రూపాయలు. వినడానికి బాగానే ఉంది. కానీ ఎక్కువ పెట్టిన మూడు లక్షలకు నూటికి 10 రూపాయల వడ్డీ వేస్తే మొదటి ఏడాది 30,000. మిగిలిన దానికన్నా వడ్డీయే వెయ్యి రూపాయలు ఎక్కువ. అసలు తీరేదెప్పుడు? అదే సొమ్ము ప్రైవేటు వడ్డీకి నూటికి 2 రూపాయల చొప్పున తెచ్చారనుకోండి, ఏడాదికి 72,000. అప్పుడు బ్యాటరీ కారు మీ పెట్రోలు డబ్బు మిగల్చదు, మీ పంట డబ్బు తినేస్తుంది.

మరి ఎన్ని కిలోమీటర్లు తిరిగితే గిట్టుబాటు? మూడు లక్షల తేడాను ఎనిమిదేళ్లకు పంచితే ఏడాదికి 37,500. తగ్గుతూ వచ్చే వడ్డీ సగటున ఏడాదికి 15,000 వేసుకోండి. మొత్తం 52,500. ఇంట్లో కరెంటు నింపుకుంటే కిలోమీటరుకు మిగిలేది 4 రూపాయల 84 పైసలు. అంటే ఏడాదికి దాదాపు 10,800 కిలోమీటర్లు తిరగాలి. రోజుకు 30 కిలోమీటర్లు. ఈ 30 అంకె గుర్తుపెట్టుకోండి. ఏడాది పొడుగునా సగటున అంతకు మించి తిరిగే కారుకే కరెంటు లాభం. అంతకు తక్కువైతే పెట్రోలు కారే నయం. అసలు కారు కొనకుండా అవసరమైనప్పుడు కిరాయికి పిలుచుకోవడం ఇంకా నయం.

కొడుకు కారు, అల్లుడి కారు

చందానగర్‌లో ఉండి హైటెక్ సిటీలో పనిచేసే అబ్బాయి లెక్క చూద్దాం. రానూ పోనూ పాతిక కిలోమీటర్లు వేసుకోండి. నెలకు 24 రోజులు అయితే 600. నెలకు రెండుసార్లు ఊరికి వచ్చిపోతే, ఊరు 60 కిలోమీటర్ల దూరంలో ఉంటే, మరో 240. ఏడాదికి పదివేల పైమాట. త్రాసు దాదాపు సమానంగా తూగుతోంది. ఎటూ మొగ్గడం లేదు. ఇక్కడ తేల్చేది ఒక్కటే. అతను ఉండే అపార్టుమెంటులో కారు నిలిపేచోట తన మీటరు నుంచి ప్లగ్గు ఇస్తారా, ఇవ్వరా? ఇస్తే సరే. అద్దె ఇల్లయి, యజమాని ఒప్పుకోకపోతే, బయటే నింపుకోవాలి. అప్పుడు లెక్క పెట్రోలు వైపు ఒరుగుతుంది. మియాపూర్ మెట్రో స్టేషను దగ్గర 2018లోనే చార్జింగ్ పెట్టారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కేంద్రాలకు కొదవ లేదు. కొదవల్లా ఇంటి ధరకు దొరికే కరెంటుకే.

ఇంకో సంగతి. చందానగర్ నుంచి హైటెక్ సిటీకి ఎం.ఎం.టి.ఎస్. రైలుంది. 2003 నుంచీ నడుస్తోంది. రోజూ ఆఫీసుకు దాంట్లో పోయే అబ్బాయికి ఏ కారూ ఆ ఖర్చుతో పోటీకి రాదు. కారు కొనాలన్న ముచ్చట వేరు, ఖర్చు లెక్క వేరు. ముచ్చటకైతే ముచ్చటనే చెప్పమనండి. 'పెట్రోలు మిగులుతుంది' అన్న మాటతో పొలం కాగితాలు అడగవద్దనండి.

అల్లుడి క్యాబ్ సంగతి వేరు. అది రోజుకు 150 కిలోమీటర్లు తిరిగితే, నెలకు 25 రోజులు అయితే, ఏడాదికి 45,000 కిలోమీటర్లు. పెట్రోలుతో రెండు లక్షల 67 వేల రూపాయలు. గ్యాసుతో లక్షా 75 వేలు. కరెంటుతో, సగం ఇంట్లో సగం బయట నింపుకుంటే, దాదాపు 89 వేలు. పెట్రోలుతో పోలిస్తే రెండేళ్ల లోపే తేడా వెనక్కి వస్తుంది. గ్యాసుతో పోలిస్తే ఏడాదికి 86 వేలు మిగులు. ఇది నిజమైన లాభం. నగరంలో క్యాబ్‌లు చాలావరకు గ్యాసు మీద తిరిగేవే కాబట్టి పెట్రోలుతో పోల్చి చెప్పే లెక్కను నమ్మకుండా, గ్యాసుతోనే పోల్చుకోవాలి.

ఇక్కడా రెండు మెలికలున్నాయి. పూర్తిగా బయటే నింపుకుంటే కరెంటు ఖర్చు లక్షా 28 వేలు దాటుతుంది, గ్యాసు మీద మిగులు 46 వేలకు పడిపోతుంది. పైగా చార్జింగ్ దగ్గర కూర్చున్న గంటకు కిరాయి రాదు. రెండో మెలిక బ్యాటరీ హామీ. కార్ల బ్యాటరీలకు సాధారణంగా 8 ఏళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది అని హామీ ఇస్తారు. ఏడాదికి 45,000 తిరిగే బండికి ఆ హామీ మూడున్నర ఏళ్లలో అయిపోతుంది. టాక్సీలకు హామీ వేరుగా రాసే కంపెనీలూ ఉన్నాయి. కిస్తీలు ఐదేళ్లు, హామీ మూడున్నర ఏళ్లు అయితే, మధ్యలో ఏడాదిన్నర ఎవరి మీద? ఆ కాగితం చదివించుకున్న తర్వాతే పూచీ సంతకం పెట్టండి.

ఇంటి మీటరు మీద కన్నేయండి

ఈ విషయం షోరూములో ఎవరూ చెప్పరు. మన బిల్లులో మాత్రం తప్పకుండా కనిపిస్తుంది.

తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. 200 దాటిందా, దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు మన మీద పడుతుంది. ఇంట్లో ఇప్పుడు 120 యూనిట్లు కాలుతున్నాయనుకోండి. కరెంటు ట్రాలీ ఆటో కొన్నారు. అది నెలకు 139 యూనిట్లు తీసుకుంది. మొత్తం 259. మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020. మిగతా 59కి 7 రూపాయల 70 పైసల చొప్పున 454. ఇతర చార్జీలు కలిపితే పదిహేను వందలు దాటుతుంది. నిన్నటిదాకా సున్నా బిల్లు వచ్చిన ఇల్లది. కాబట్టి ఆ పదిహేను వందలూ ఆటో ఖర్చే. అంటే ఆటోకు ఎక్కించిన ఒక్కో యూనిట్ మీకు 11 రూపాయలు పడ్డట్టు. ఎండాకాలం కూలరు తిరిగే నెలల్లో ఇంకా ఎక్కువ.

దీనికి దారి ఉంది. వాహనాల చార్జింగ్‌కు విద్యుత్తు సంస్థ వేరే వర్గం పెట్టింది. 2022లో ఖరారైన ధరల ప్రకారం అందులో యూనిట్ 6 రూపాయలు. స్థిర చార్జీ వేరు. రోజూ తిరిగే బండి ఉన్నవాళ్లు దానికి విడిగా మీటరు పెట్టించుకోవడం మేలు. ఇంటి జీరో బిల్లు ఇంటిదే, బండి కరెంటు బండిదే. మీ సెక్షన్ ఆఫీసులో ఏఈ గారిని కలిసి డిపాజిట్ ఎంత, లైను ఖర్చు ఎంత అని కాగితం మీద రాయించుకోండి.

ఇంకొక హెచ్చరిక. పొలం దగ్గర మోటారుకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది గదా, బండిని అక్కడ పెట్టి నింపుదాం అని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. ఆ కరెంటు సాగుకు ఇచ్చింది. ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్తు చట్టం 126వ సెక్షను కింద ఆ వాడకానికి వర్తించే ధరకు రెట్టింపు కట్టించుకుంటారు. డబ్బు సంగతి అటుంచండి. ఉచిత కరెంటు దుర్వినియోగం అవుతోందని వేలెత్తి చూపాలనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల చేతికి మనమే కర్ర అందించకూడదు.

కారు కొనే ఇంటివాళ్లు మరొకటి చూసుకోవాలి. నాలుగు చక్రాల బండి పేరు మీద ఉంటే రేషన్ కార్డు అర్హత ఏమవుతుందో తహసీల్దారు కార్యాలయంలో ముందే కనుక్కోండి. కారు వచ్చి కార్డు పోతే ఆ నష్టం ఏ కిలోమీటరు లెక్కలోనూ కనిపించదు.

వోల్టేజీ, వైరింగు

మోటార్లు కాలిపోయిన బాధ మనకు తెలుసు. లో వోల్టేజీ బ్యాటరీ బండికీ మంచిది కాదు. చిన్న కారును 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే గంటకు మూడు యూనిట్ల దాకా లాగుతుంది. ఏడెనిమిది గంటలు ఏకబిగిన లాగుతూనే ఉంటుంది. సన్నటి పాత తీగలు, ఎర్తింగ్ లేని గోడ ప్లగ్గు ఆ భారానికి ఆగవు. తీగ వేడెక్కితే కొట్టం అంటుకుంటుంది, గడ్డివాము అంటుకుంటుంది. మీటరు నుంచి నేరుగా మందపు రాగి తీగ, మంచి ఎర్తింగ్, దానికో ఫ్యూజు డబ్బా పెట్టించాలి. ఇంటి లోడు ఒక్క కిలోవాటే రాసి ఉంటే పెంచుకోవాలి. ఈ ఖర్చు కూడా బండి ధరలో కలిపే చూడాలి. వేసవిలో ఎండన పడి వచ్చిన బండిని వెంటనే ప్లగ్గుకు పెట్టకుండా, గంటసేపు నీడన చల్లారనిచ్చి పెట్టండి. పని నుంచి వచ్చిన ఎద్దును ఒగర్పు తీరాకనే మేతకు కడతాం గదా, అట్లాగే.

అసలు మన బండి సంగతి

కార్ల మాట చెప్పుకున్నాం. కానీ సన్నకారు రైతుకు కారు కన్నా కూరగాయల ట్రాలీ ఆటో ముఖ్యం. లెక్క బాగా కలిసొచ్చేదీ అక్కడే.

చందానగర్, లింగంపల్లి, కూకట్‌పల్లి దిక్కు రోజూ సరుకు తెచ్చే బండి రానూ పోనూ 50 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. ఏడాదికి 300 రోజులు, 15,000 కిలోమీటర్లు. డీజిలు ఆటో లీటరుకు 28 కిలోమీటర్లు ఇచ్చినా, లీటరు 95 రూపాయల పైచిలుకు కాబట్టి ఏడాదికి 51,000 రూపాయలు. కరెంటు ఆటో యూనిట్‌కు తొమ్మిది కిలోమీటర్లు నడిస్తే 1,667 యూనిట్లు. విడి మీటరు మీద యూనిట్ 6 రూపాయలు అయితే 10,000, పైన స్థిర చార్జీ. ఏడాదికి 40,000 దరిదాపు మిగులు. జీరో బిల్లు పోగొట్టుకుని ఇంటి మీటరు మీదే నింపినా 32,000 మిగులుతుంది. కొనేటప్పుడు తేడా లక్ష ఉన్నా మూడు నాలుగేళ్లలో వడ్డీతో సహా తీరుతుంది.

కానీ ఆ లెక్క రోజూ తిరిగే బండిది. ఎకరంలో తోటకూర, పాలకూర వేసే రైతు వారానికి రెండుసార్లే మార్కెట్టుకు వస్తాడు. ఏడాదికి వంద ట్రిప్పులు, 5,000 కిలోమీటర్లు. అతనికి మిగిలేది పన్నెండు పదమూడు వేలు. ఒక్కడే కొంటే లక్ష తేడా తీరడానికి ఎనిమిదేళ్లు చాలవు. అదే ఊరివాళ్లు ముగ్గురు నలుగురు కలిస్తే? ఒక్కొక్కరి సరుకు రెండేసి రోజులు. బండికి రోజూ పని. సన్నకారు రైతుకు ఒంటిగా లేనివి కిలోమీటర్లు. కలిస్తే అవే వస్తాయి. అందుకే కరెంటు ఆటోను ఒక్కరు కాక, ఊరి మహిళా సంఘమో, రైతు ఉత్పత్తిదారుల సంఘమో, నలుగురు పాలివాళ్లో కలిసి కొనడం మంచిది. ట్రిప్పుకు ఇంత అని కిరాయి పుస్తకం రాసుకుంటే తగాదా ఉండదు. బండి మోసేది అరటన్ను దరిదాపే. మోత పెంచితే దూరం తగ్గుతుంది. కంపెనీ చెప్పిన దూరంలో ముప్పాతిక వంతు వస్తే చాలనుకుని ట్రిప్పు వేసుకోండి.

మోపెడ్ మీద పాలు పోసి వచ్చేవాళ్లకూ ఒక మాట. రోజుకు 20 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు ఏడాదికి 12,800 రూపాయలు అవుతుంది. కరెంటు స్కూటరు అయితే నెలకు 18 యూనిట్లు చాలు. చాలా ఇళ్లలో అది జీరో బిల్లు లోపలే సర్దుకుంటుంది. అన్నిటికన్నా తక్కువ అప్పుతో ఎక్కువ మిగిలేది ఇక్కడే. కాకపోతే పాల క్యానులు, ఎరువు బస్తాలు మోసే కట్టుబాటు ఆ స్కూటరుకు ఉందా లేదా చూసుకోవాలి.

సర్కారు చేయాల్సిన పని

రోడ్డు పన్ను మాఫీ మంచిదే. కానీ దానివల్ల ఎక్కువ మేలు ఎక్కువ ధర కారు కొన్నవాడికే. ముప్పై లక్షల కారుకు పన్ను శాతం చిన్న కారుకన్నా ఎక్కువ. ఆ కారు బ్యాటరీది అయితే ఐదు లక్షల పైచిలుకు మాఫీ. ఆటో కొన్న రైతుకు దక్కేది అందులో ఎన్నో వంతు? అందరికీ ఒకే మాఫీ అన్నారు గానీ, పెద్ద కారుకే పెద్ద మాఫీ దక్కింది.

మనకు కావాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, మెహిదీపట్నం.. రైతు బండి తెల్లవారుజామున వచ్చి, అమ్మకం అయ్యేదాకా నాలుగైదు గంటలు ఆ ఆవరణలోనే నిలబడి ఉంటుంది. ఆ నాలుగు గంటలు మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే మూడు చక్రాల బండి బ్యాటరీ చాలావరకు నిండిపోతుంది. లక్షలు పోసి కట్టే వేగపు చార్జింగ్ కేంద్రం అక్కరలేదు. ఒక రేకుల షెడ్డు, ఇరవై ప్లగ్గులు, ఒక్కోదానికి చిన్న మీటరు, 6 రూపాయల ధర. ఇదొక్కటి ప్రతి రైతుబజారులో, ప్రతి మార్కెట్ యార్డులో పెడితే 25 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే రైతు 50 కిలోమీటర్ల దూరం నుంచి కూడా ధైర్యంగా రాగలడు. ఐటీ ఉద్యోగి కారు నిలిపేచోట చార్జింగ్ పెట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడు, రైతు బండి నిలిపేచోట పెట్టాలన్న ఆలోచన ఎందుకు రాకూడదు?

జహీరాబాద్‌లో ట్రాక్టర్లు చేసే మహీంద్రా కంపెనీ అక్కడ బ్యాటరీ ఆటోల తయారీకి వెయ్యి కోట్లు పెడతామని 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. జహీరాబాద్ నుంచి చందానగర్ దాకా ఒకటే రోడ్డు. బండి చేసేది ఆ రోడ్డు మీద, బండి తిరగాల్సిందీ ఆ రోడ్డు మీదే. మధ్యలో ఉన్న మార్కెట్లలో ప్లగ్గు లేకపోవడమే లోటు. మార్కెట్ కమిటీల దగ్గరికి, ఎమ్మెల్యేల దగ్గరికి వెళ్లినప్పుడు ఈ ఒక్క కోరిక అడగండి.

షోరూముకు వెళ్లేముందు

బండి కొనాలనుకునేవాళ్లు ముందు ఒక నెల ఆగండి. ఇంట్లో ఉన్న బండితో గానీ, కిరాయి బండితో గానీ ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగారో క్యాలెండరులో ఆ తేదీ మీదే రాయండి. నెల చివర కూడి ముప్పైతో భాగించండి. ఇక్కడ చెప్పిన ధరలు మారుతుంటాయి. మీరు కొనే రోజు పెట్రోలు ధర, మీ బిల్లు మీది యూనిట్ ధర వేసి లెక్క మళ్లీ కట్టండి.

షోరూము వాళ్లను నాలుగు అడగండి. ఒకటి, రోడ్డు మీదికి వచ్చేదాకా మొత్తం ధర ఎంత? రెండు, బ్యాటరీ హామీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, కిరాయికి తిప్పినా వర్తిస్తుందా? మూడు, హామీ తీరాక కొత్త బ్యాటరీ ధర ఎంత? నాలుగు, సబ్సిడీ అని చెప్పేది ఏ పథకం కింద, ఈ రోజుకు అమల్లో ఉందా? నాలుగింటికీ జవాబు నోటితో కాదు, కాగితం మీద తీసుకోండి.

కారుకైతే రోజుకు 30 కిలోమీటర్లు దాటి, ఇంట్లోనే నింపుకునే వీలుంటే కరెంటు బండి కొనండి, నష్టపోరు. ఆటోకైతే రోజూ సరుకు ఉంటే కొనండి, లేకపోతే నలుగురితో కలిసి కొనండి. ఈ రెండూ కాకపోతే ఇప్పటికి ఆగండి. శేరిలింగంపల్లి చుట్టుపక్కల ద్రాక్ష తోటలు, జొన్న చేలు పోయి మేడలు లేచాయి. అక్కడ అమ్ముకున్న ఎకరం మళ్లీ ఎవరికీ రాలేదు. కారు ఎనిమిదేళ్లకో పదేళ్లకో ఇనుము కింద పోతుంది. దానికోసం ఉన్న పొలాన్ని తాకట్టు పెట్టే ముందు ఆ క్యాలెండరు ఒక్కసారి చూసుకోండి.